పై ఆరంగుళాలకే పరీక్ష.. అడుగున సుద్ద

చీనీ తోట భవితను తేల్చేది రెండు, మూడు అడుగుల లోతులోని మట్టి.. భూసార పత్రం చూసేది మొదటి అడుగులో సగం

అనంతపురం: భూసార పరీక్ష పత్రంలో అంతా సవ్యంగానే ఉంటుంది. ఉదజని సూచిక 7.6, లవణాలు పరిమితిలోపే, పొటాష్ పుష్కలం. ఆ భరోసాతో రైతు చీనీ మొక్కలు నాటుతాడు. మూడు నాలుగేళ్లు తోట పచ్చగా ఎదుగుతుంది. తొలి కాపు చేతికందే వేళకు లేత ఆకులు పాలిపోవడం మొదలవుతుంది. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి, నడుమ భాగమంతా పసుపెక్కుతుంది. కొమ్మలు చివళ్ల నుంచి ఎండుతూ వస్తాయి. మందుల దుకాణంలో చెప్పినవన్నీ పిచికారీ చేసినా తోట తేరుకోదు. చివరకు చెట్టు పక్కన గుంత తవ్వి చూస్తే రెండు మూడు అడుగుల లోతున తెల్లని సుద్ద పొర బయటపడుతుంది. మొక్క నాటక ముందు నుంచీ అది అక్కడే ఉంది.

ప్రయోగశాల ఇచ్చిన అంకెల్లో దోషం లేదు. సంచిలో వచ్చిన మట్టికి అవి సరైనవే. ఆ మట్టి ఎంత లోతు నుంచి వచ్చిందన్నదే ఇక్కడ అసలు సమస్య. వేరుశనగకు, వరికి, కందికి పరీక్ష చేయించిన తీరులోనే ఇరవై ఏళ్లు నిలవాల్సిన పండ్ల తోటకూ చేయించడం వల్ల జిల్లాలో ఎందరో రైతులు తొలి అడుగులోనే పొరబడుతున్నారు.

పత్రం చెప్పేదెంత?

కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో భూసార ఆరోగ్య పత్రాల పథకాన్ని ప్రారంభించింది. తరువాతి సంవత్సరాల్లో దేశవ్యాప్తంగా 20 కోట్లకు పైగా పత్రాలు రైతులకు అందాయి. ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్ అనే 12 అంశాలు అందులో ఉంటాయి. ఇంత విస్తృతంగా మట్టిని పరీక్షించిన పథకం మునుపు లేదు. సూక్ష్మపోషకాల మాట పల్లెల్లో వినిపించడానికి ఈ పత్రం కూడా ఒక కారణమే.

అయితే దాని హద్దులు దానికున్నాయి. పథకం మార్గదర్శకాల ప్రకారం సాగునీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధార ప్రాంతంలో పది హెక్టార్లకు ఒక నమూనా చొప్పున సేకరిస్తూ వచ్చారు. అంటే మెట్ట పొలాల్లో దాదాపు 25 ఎకరాలకు ఒక్క సంచి మట్టి. ఆ ఫలితమే ఆ పరిధిలోని రైతులందరి పత్రాల్లోనూ కనిపిస్తుంది. తన పేరిట వచ్చిన పత్రంలోని మట్టి తన చేను నుంచి తీసినదేనా అని చూసుకున్న రైతులు అరుదు. వర్షాధార సేద్యమే ప్రధానమైన అనంతపురం వంటి జిల్లాలో ఈ లోటు మరింత పెద్దది. ఇక్కడ ఒకే చేనులో ఒక మూల ఎర్రమట్టి, మరో మూల గరుసు, పల్లానికి వస్తే నల్లమట్టి కనిపించడం మామూలే.

రెండో హద్దు లోతు. నమూనాను సాధారణంగా 15 నుంచి 20 సెంటీమీటర్ల లోపు తీస్తారు. నాగలి తిరిగే లోతు అదే, ఎరువు కలిసేదీ అక్కడే. ఎకరా పొలంలో ఆ ఆరంగుళాల మట్టి బరువే దాదాపు 9 లక్షల కిలోలు. ప్రయోగశాలకు చేరేది అర కిలో. ఉదజని సూచికకు అందులో 20 గ్రాములు, సేంద్రియ కర్బనానికి ఒక గ్రాము, అంతకన్నా తక్కువ కూడా సరిపోతుంది. నమూనా తీయడంలో దొర్లిన పొరపాటును ఎంత మంచి యంత్రమూ సరిదిద్దలేదని భూసార శాస్త్రవేత్తలు పదే పదే చెప్పేది ఇందుకే.

వేరుశనగకు ఈ లోతు నమూనా చాలావరకు సరిపోతుంది. దాని ఊడలు పైమట్టిలోనే దిగుతాయి. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని ఆ మట్టి నుంచే నేరుగా పీల్చుకుంటుంది. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమనడం వెనుక ఉన్న సూత్రం ఇదే. చీనీ లెక్క వేరు. దాని పీచు వేళ్లలో ఎక్కువ భాగం రెండడుగుల లోపు పరచుకుంటాయి, మిగిలినవి ఇంకా కిందికి పోతాయి. ఎండాకాలంలో చెట్టును నిలబెట్టేది ఆ లోపలి తేమే. ఆరంగుళాల మట్టిని చూసి చీనీకి అనుమతి ఇవ్వడమంటే వాకిలి చూసి ఇల్లంతా బాగుందనుకోవడమే.

సుద్ద ఎలా పుడుతుంది?

తాడిపత్రి, యాడికి ప్రాంతాలు సున్నపురాతికి పెట్టింది పేరు. తాడిపత్రి బండలు పరిచిన ఇళ్లు రాయలసీమ అంతటా ఉన్నాయి. అదే రాతి మీద సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. ఆ రాయి శిథిలమై ఏర్పడిన నేలలో సున్నం ఉండటంలో వింత లేదు. ఆ రాయి లేని చోట కూడా సుద్ద పొర కనిపించడమే చాలామందికి అర్థం కాని విషయం.

దీనికి మూలం వానలో ఉంది. మట్టిలోని గాలిలో ఉండే బొగ్గుపులుసు వాయువు వాన నీటిలో కరిగి బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది మట్టిలోని కాల్షియాన్ని కరిగించుకుని కిందికి దిగుతుంది. వానలు దండిగా పడే చోట ఆ నీరు భూగర్భంలోకి పోయి సున్నాన్ని కడిగేస్తుంది. అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నీరు రెండు మూడు అడుగులు దిగేసరికే ఆగిపోతుంది. అక్కడ తేమ ఆరిపోయి, కరిగిన సున్నం తిరిగి గడ్డకడుతుంది. ఏటేటా పేరుకుంటూ వేల ఏళ్లలో అది పొరగా మారుతుంది. వాన నీరు ఎంత లోతుకు చేరిందో చెప్పే గుర్తుగా సుద్ద ఆ లోతునే మిగిలిపోతుంది. పైమట్టిలో మాత్రం సున్నం కడిగివేత వల్ల తగ్గి ఉంటుంది. పై పరీక్షలో ఉదజని సూచిక బాగుండి, అడుగున చెడి ఉండటానికి ఇదే కారణం.

ఎర్రనేలల్లో ఇంకొక మార్పు కూడా లోతుతో పాటు వస్తుంది. పైన ఇసుక పాలు ఎక్కువగా ఉండే దుబ్బమట్టి, దాని కింద బంకమన్ను శాతం పెరిగిన పొర, ఆ దిగువన గరుసు లేదా శిథిలమైన రాయి. సన్నని మట్టి రేణువులు నీటితో పాటు దిగి కింద చేరడమే ఇందుకు కారణం. పోషకాలూ ఒక్క తీరులో ఉండవు. భాస్వరం వేసిన చోటే నిలిచిపోతుంది కనుక పైపొరలో ఎక్కువ, కింద తక్కువ. సేంద్రియ కర్బనమూ అంతే. నత్రజని, గంధకం నీటితో కిందికి జారుతాయి. పైన చూసి కిందిది ఊహించే వీలు చాలా పోషకాల విషయంలో లేదు.

ఎర్రనేలలో ఇనుము కరవు

ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేదే ఇనుము. ఆ నేలలో పెరిగే చీనీకి ఇనుము లోపమా అని రైతులు ఆశ్చర్యపోవడం సహజం. నేలలో ఇనుము ఉండటం, అది వేరుకు అందడం వేర్వేరు. ఉదజని సూచిక ఒక్క అంకె పెరిగితే మట్టి నీటిలో కరిగే ఇనుము సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. సున్నం ఉన్న పొరలో ఉదజని సూచిక 8 దాటి ఉంటుంది. దానికి తోడు అక్కడి బైకార్బొనేట్ వేరు తీసుకున్న కొద్దిపాటి ఇనుమునూ ఆకులో పనిచేయనివ్వదు. జింకు, మాంగనీస్‌లకూ ఇదే గతి. భాస్వరం కాల్షియంతో కలిసి కరగని రూపంలోకి మారుతుంది.

అందుకే ఆకుల మీద జింకు, ఇనుము పిచికారీ చేసినప్పుడు చెట్టు కొన్నాళ్లు కళకళలాడుతుంది. కొత్త చిగురు రాగానే పసుపు మళ్లీ మొదలవుతుంది. ఏడాదికి రెండు మూడు సార్లు ఈ ఖర్చు తప్పదు. ఎకరాకు 110 చెట్ల చొప్పున ఐదెకరాల తోట అనుకుంటే 550 చెట్లకు ఈ వైద్యం జీవితాంతం సాగాలి.

ఇక్కడ జాగ్రత్తగా చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. ఎండిన ప్రతి చీనీ చెట్టుకూ సుద్దే కారణం కాదు. వేరుకుళ్లు, బంకకారు తెగుళ్లు, ట్రిస్టిజా వైరస్ వంటివి కూడా తోటలను తీసేస్తాయి. వరుస కరవుల్లో బోర్లు ఎండి తోటలు పోయిన సంవత్సరాలను జిల్లా మరచిపోలేదు. సుద్ద మీద పెరిగి నీరసించిన చెట్టు తెగుళ్లకు, నీటి ఎద్దడికి ముందుగా లొంగిపోతుంది. పోయిన తరువాత నింద మాత్రం తెగులు మీదే పడుతుంది.

ఉదజని సూచిక ఒక్కటే చాలదు

లోతు నమూనా ఇచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. ఏ పరీక్ష చేయమని అడగాలో కూడా తెలియాలి. సున్నం నేలల్లో ఉదజని సూచిక 8.2, 8.4 దగ్గర నిలిచిపోతుంది. సున్నం 3 శాతం ఉన్నా, 25 శాతం ఉన్నా ఆ అంకెలో పెద్ద తేడా కనిపించదు. కాల్షియం కార్బొనేట్ శాతం విడిగా కొలవాల్సిందే. భూసార ఆరోగ్య పత్రంలోని 12 అంశాల్లో అది లేదు. చీటీలో ప్రత్యేకంగా రాసి అడిగితే తప్ప ఆ ఫలితం రాదు. చీనీ, నిమ్మ తోటలకు సున్నం 5 శాతం లోపు ఉంటే మేలని, 10 శాతం దాటితే తోట ఆలోచన మానుకోవడం మంచిదని ఉద్యాన శాస్త్రవేత్తలు సూచిస్తారు.

ఉదజని సూచిక 8.5 దాటితే సోడియం పాలు ఎక్కువైందని, అంటే నేల క్షారపు చౌడుగా మారిందని అనుమానించాలి. చౌడు నేలకు జిప్సం మందు. సుద్ద నేలకు అది మందు కాదు. జిప్సంలోనూ ఉన్నది కాల్షియమే. ఈ రెంటికీ తేడా తెలియక సుద్ద భూముల్లో జిప్సం బస్తాలు కుమ్మరించినవారున్నారు. పరీక్ష సరిగా చేయిస్తే ఆ ఖర్చు మిగిలేది.

జిల్లా ఉత్తర భాగంలోని నల్లరేగడిలో ఇంకో చిక్కు. అక్కడ పైమట్టి కన్నా లోపలి మట్టిలో క్షారత, సోడియం ఎక్కువగా ఉండటం సాధారణం. నేల పగుళ్లిచ్చినప్పుడు లోతుగా కనిపించినా, తడిసి ఉబ్బిందంటే నీటిని కిందికి పోనివ్వదు. వేరు దగ్గర గాలి ఆడదు. డ్రిప్పు తోటల్లో తడి అంచున లవణాలు పేరుకుంటాయి. చెట్టు మొదట్లో తీసిన నమూనాకు, తడి ఆరే అంచున తీసిన నమూనాకు లవణ సూచిక వేరుగా ఉంటుంది. బోరు నీటి పరీక్షను కూడా దీనితో కలిపి చూడాలి. నీటిలో మిగులు సోడియం కార్బొనేట్ లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే అది సాగుకు పనికిరాని నీరు. మంచి మట్టిని కూడా ఆ నీరు ఏళ్ల తరబడి చెడగొడుతుంది.

గుంత తవ్వుతారు.. గోడ చూడరు

విచిత్రమేమిటంటే చీనీ నాటే ప్రతి రైతూ నేల లోతు చూసే అవకాశాన్ని తన చేతులతోనే కల్పించుకుంటున్నాడు. మొక్కకు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంత తవ్వడం రివాజు. ఉపాధి హామీ పథకం కింద తవ్విన గుంతలూ ఇలాంటివే. గుంత గోడ మీద పొరలు పుస్తకంలోని పుటల్లా స్పష్టంగా కనిపిస్తాయి. రంగు ఎక్కడ మారింది, గడ్డలు ఎక్కడ మొదలయ్యాయి, తెల్లని చుక్కలు ఏ లోతున ఉన్నాయి అన్నది గడారి పట్టినవాడికి కూడా తెలిసిపోతుంది. కానీ గుంత తవ్వేనాటికి మొక్కలకు బయానా ఇచ్చేసి ఉంటారు, డ్రిప్పుకు దరఖాస్తు పెట్టేసి ఉంటారు. గుంత చూసి వెనక్కి తగ్గే దశ దాటిపోతుంది. పరీక్ష గుంత తవ్వాల్సింది మొక్కల ఊసు రాక ముందు.

బావులు తవ్విన తరానికి ఈ విషయం తెలుసు. బావి అంచున నిలబడితే ఊరి నేల ఎన్ని పొరలో కనిపించేది. బోర్లు వచ్చాక నేల లోపల ఏముందో చూసే అలవాటు పోయింది. బోరు నుంచి వచ్చే పొడిలో కూడా చూసేది నీటి జాడ కోసమే.

కలిపితే నిజం దాగుతుంది

లోతు నమూనా తీసేవారు సైతం చేసే పొరపాటు ఒకటుంది. మూడడుగుల మట్టినంతా కలిపి ఒకే సంచిలో పోసి పంపుతారు. ఉదాహరణకు మొదటి రెండు అడుగుల్లో సున్నం 2 శాతం చొప్పున, మూడో అడుగులో 20 శాతం ఉందనుకుందాం. కలిపి పరీక్షిస్తే వచ్చేది 8 శాతం. పది లోపే కదా అని రైతు తోట పెడతాడు. విడివిడిగా పంపి ఉంటే మూడో అడుగు మాటేమిటో అప్పుడే బయటపడేది.

అందువల్ల పండ్ల తోటకు ఐదారు అడుగుల గుంత తవ్వి, అడుగుకొకటి చొప్పున వేర్వేరు నమూనాలు తీయాలని వ్యవసాయ విశ్వవిద్యాలయ నిపుణులు చెబుతూ వచ్చారు. సుద్ద లేదా రాతి పొర తగిలితే దాని లోతు, మందం రాసుకుని, ఆ పొర మట్టిని విడిగా సంచిలో వేయాలి. తవ్విన గుంత గోడను పారతో చెక్కి శుభ్రం చేశాక, కింది నుంచి పైకి తీసుకుంటూ రావడం మంచిది. పై నుంచి మొదలుపెడితే పైమట్టి రాలి కింది నమూనాలో కలుస్తుంది. గట్ల పక్కన, పెంట కుప్పలు వేసిన చోట, చెట్ల నీడన, నీరు నిలిచే చోట తీయరాదు. నేల రంగు, వాలు మారిన ప్రతి చోటా వేరే గుంత కావాలి. ఐదెకరాల చేను ఒకే తీరుగా ఉంటే ఒకటి రెండు గుంతలు సరిపోవచ్చు, మూడు రకాల మట్టి ఉంటే మూడు తప్పవు. ఒక్కో సంచిలో రైతు పేరు, సర్వే నంబరుతో పాటు లోతు కూడా రాసిన చీటీ వేయాలి. లోతు రాయని చీటీతో వచ్చిన ఫలితం ఏ అడుగుదో తరువాత ఎవరూ చెప్పలేరు.

పొలంలోనే చూసుకునే మార్గం కూడా ఉంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు మట్టిగడ్డ మీద వేస్తే సున్నం ఉన్న చోట బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఎంత జోరుగా ఉంటే సున్నం అంత ఎక్కువ. గుంత గోడ మీద పై నుంచి కిందికి వేస్తూ పోతే సుద్ద ఎక్కడ మొదలైందో నిమిషాల్లో తేలుతుంది. చేతికి, కంటికి తగలకుండా చూసుకోవాలి. శాతం తేల్చేది మాత్రం ప్రయోగశాలే.

నిర్ణయం మారేది ఇక్కడే

లోతు ఫలితం చేతికొస్తే రైతు ముందు దారులు తెరుచుకుంటాయి. సుద్ద ఐదడుగుల కింద ఉంటే చీనీకి పెద్దగా భయం లేదు. మూడడుగుల దగ్గర పలుచగా ఉంటే అంటు ఏ వేరుమూలం మీద కట్టిందన్నది కీలకం. సాతుగుడికి జంభేరి కన్నా రంగపూర్ నిమ్మ వేరుమూలం సున్నాన్ని, లవణాలను మెరుగ్గా తట్టుకుంటుంది. నర్సరీలో మొక్క ఎత్తు, ఆకు నిగనిగ చూసి కొనే రైతు ఈ ప్రశ్న వేయడం తక్కువ. రెండడుగులకే మందమైన సుద్ద తగిలితే చీనీ మాట మరచి రేగు, ఉసిరి, దానిమ్మ వంటివాటిని పరిశీలించవచ్చు. చీనీతో పోలిస్తే ఇవి అలాంటి నేలను ఎక్కువ ఓర్చుకుంటాయి. లేదా ఆ చేనును పైరు పంటలకే ఉంచుకోవచ్చు. ఎర్రనేలలో పైన అడుగున్నర మంచి మట్టి ఉన్న చేను తోటకు పనికిరాకున్నా వేరుశనగకు, కందికి బంగారమే.

ప్రభుత్వ యంత్రాంగం చేయగలిగిందీ ఉంది. కొత్త పండ్ల తోటకు రాయితీ మంజూరు చేసే దరఖాస్తుకు అడుగుల వారీ మట్టి పరీక్ష ఫలితాన్ని జతచేయమని అడగడం కష్టమైన పని కాదు. రైతు సేవా కేంద్రాల సిబ్బందికి లోతు నమూనా తీయడంలో తర్ఫీదు, ఒక ఆగరు, ఒక ఆమ్లపు సీసా ఇవ్వడానికి అయ్యే ఖర్చు తోటలు తీసేశాక పెట్టే ఖర్చులో ఏ పాటిది? ఒక్క గుంత పొక్లెయిన్‌తో తవ్వించడానికి పట్టే సమయం అరగంట లోపే. రైతులు దీన్ని తమంతట తామే చేయించుకోవాలనడం సబబే కానీ, రాయితీ ఇచ్చి తోట పెట్టించిన శాఖలకు ఆ తోట ఆరేళ్లకు ఏమైందో చూసే బాధ్యత లేదనలేం.

ఇప్పటికే తోట ఉన్నవారు చెట్టు కొమ్మల అంచు కింద, పాదుకు కాస్త ఎడంగా మూడడుగుల వరకు అడుగుకో నమూనా తీయించుకోవచ్చు. దానితో పాటు ఆకు పరీక్ష కూడా చేయిస్తే నేలలో లోపమా, వేరు పనిచేయడంలో లోపమా అన్నది తేలుతుంది. సుద్ద ఉందని రుజువైతే పాదుల్లో పశువుల ఎరువు, పచ్చిరొట్ట మోతాదు పెంచడం, నీరు ఒకేసారి పారించకుండా కొద్దికొద్దిగా ఇవ్వడం, సూక్ష్మపోషకాలను నేలకు కాక ఆకులకు అందించడం వంటి చర్యలతో తోట ఆయుష్షును కొంత పొడిగించవచ్చు. రెడ్డిపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రం, తిరుపతిలోని నిమ్మజాతి పంటల పరిశోధన స్థానం ఇలాంటి సలహాలకు రైతులు ఆశ్రయించదగిన చోట్లు. కొత్తగా నాటదలచినవారు ఏప్రిల్, మే నెలల్లో, నేల ఎండి పొరలు స్పష్టంగా కనిపించే వేళ గుంత తవ్వించాలి. అప్పుడే తొలకరికి ముందు ఫలితం చేతికందుతుంది, మొక్కలకు బయానా ఇవ్వాలో వద్దో తేల్చుకునే వ్యవధి మిగులుతుంది.